పట్టా ఆమెది... ప్రయోగశాల ఎవరిది?

సైన్సు చదువుతున్నవాళ్లలో సగానికి మించి అమ్మాయిలే. పరిశోధన చేస్తున్నవాళ్లలో మాత్రం ఆరుగురికి ఒకరు. మధ్యలో ఏం జరుగుతోంది?

స్నాతకోత్సవం రోజున ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. ఆడిటోరియం పక్కన షామియానా కింద బంగారు పతకాలవాళ్లంతా వరుసలో నిలబడి ఉంటారు. పట్టుచీర మీద వేసుకున్న గౌను భుజం మీద ఆగక జారిపోతుంటే ఒకరికొకరు పిన్నీసులు పెట్టుకుంటుంటారు. చేతిలో వరుస నంబరు వేసిన చీటీ. వెనకెక్కడో కుర్చీ ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకున్న నాన్న. 'మా మనవరాలు ఎప్పుడొస్తుంది నాయనా?' అని పక్కవాళ్లను అడుగుతున్న అమ్మమ్మ. లోపలి నుంచి మైకులో పేర్లు వినిపిస్తుంటాయి. రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం... ఎక్కువసార్లు మెట్లెక్కేది అమ్మాయే. ఒక్కో పేరుకు మూడేసి, నాలుగేసి పతకాలు.

ఇప్పుడు తలెత్తి వేదిక మీద రంగుల గౌన్లలో కూర్చున్నవాళ్లను చూడండి. ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్లు, పాలకమండలి సభ్యులు. వాళ్లలో ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో. సైన్సు, ఇంజినీరింగ్ విభాగాల తరఫున ఒక్కరున్నా గొప్పే. ఏటేటా ఇంతమంది అమ్మాయిలు ఈ మెట్లెక్కి పతకం తీసుకుని దిగిపోతున్నారు. మరి ఇరవై ఏళ్ల తర్వాత ఆ కుర్చీల్లో వాళ్లెందుకు కనిపించడం లేదు?

2025 జూన్ 6న జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ రైల్వే వంతెన ప్రారంభమయ్యాక ఈ ప్రశ్న మళ్లీ అందరి నోళ్లలో నానింది. నది మీద 359 మీటర్ల ఎత్తున, 1,315 మీటర్ల పొడవున కట్టిన వంతెన అది. పగుళ్లు బారిన ఆ కొండరాళ్ల మీద పునాది నిలబడేలా చూసే పనిలో పదిహేడేళ్లపాటు సలహాదారుగా ఉన్న గాలి మాధవీలతది ప్రకాశం జిల్లాలోని ఓ పల్లెటూరు. 1992లో కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో బీటెక్, తర్వాత వరంగల్‌లో ఎంటెక్, 2000లో ఐఐటీ మద్రాసు నుంచి పీహెచ్‌డీ. ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్. ఆ సంస్థ సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో అధ్యాపకురాలైన తొలి మహిళ ఆమే.

ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ఫొటోయే. వంతెన మొత్తం ఆమే కట్టిందన్నంత దాకా వెళ్లింది సంబరం. చివరికి ఆమే, తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చేయొద్దని, ఆ వంతెన కోసం పనిచేసిన వేలమందిలో తానూ ఒకరినని రాసుకోవాల్సి వచ్చింది. తమ కూతుళ్లు తనలా కావాలని ఎందరో తండ్రులు తనకు రాశారని కూడా ఆమె చెప్పారు. ఆ తండ్రుల కోరిక నిజమైనది, గౌరవించదగినది. కూతురు అంత చదువూ చదివాక ఆమెకు కుర్చీ ఎవరు వేస్తారన్నదే ఈ కథనం.

రావడం లేదన్నది అబద్ధం

అమ్మాయిలకు సైన్సంటే ఆసక్తి తక్కువ, లెక్కలంటే భయం అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే దాన్ని ఎప్పుడో కొట్టిపారేసింది. 2021-22లో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్సు చదువుతున్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. అన్ని సబ్జెక్టులూ కలిపి పీహెచ్‌డీ చేస్తున్న 2.13 లక్షల మందిలో దాదాపు 99 వేల మంది వాళ్లే. ఇక రెండో లెక్క చూడండి. దేశంలో పరిశోధన పనుల్లో నేరుగా ఉన్నవాళ్లలో మహిళల వాటా 2018 నాటికి 16.6 శాతం. ఇది కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం గణాంకాల్లో ఉన్న అంకె. ప్రపంచ సగటు మూడోవంతు దగ్గర ఉందని యునెస్కో చెబుతోంది.

ఇంజినీరింగ్ సంగతి వేరు కదా అనవచ్చు. వేరే. కానీ అక్కడా ఇష్టాయిష్టాలకన్నా ప్రవేశ నియమాలే ఎక్కువ మాట్లాడతాయి. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలనే తీసుకోండి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఎక్కడైనా సీటు వచ్చేది పదో తరగతి మార్కులతోనే. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు కొంత వెయిటేజీ. లక్షలు పోసి కోచింగ్ ఇప్పించక్కర్లేదు. ఆరేళ్లూ హాస్టల్ ప్రాంగణంలోనే. ఏటా ఎంపిక జాబితా వచ్చినప్పుడల్లా అమ్మాయిలదే పైచేయి. అదే ఊళ్లలో, అవే ఇళ్లలో పుట్టిన అమ్మాయిలు ఐఐటీ జాబితాల్లో మాత్రం నూటికి ఎనిమిది మందికి మించని రోజులున్నాయి. కొడుకును రెండేళ్లు దూరాన పెట్టి కోచింగ్ ఇప్పించడానికి అప్పు చేసిన ఇల్లే కూతురి దగ్గరికొచ్చేసరికి వెనకాడింది. ఆమె తెలివి రెండుచోట్లా ఒకటే. మారింది లోపలికి వెళ్లే పద్ధతి.

> అదనపు సీట్లు వేశాక
>
> 2016లో ఐఐటీల్లో బీటెక్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు దాదాపు 8 శాతం. దీన్ని మార్చడానికి ఐఐటీ మండీ డైరెక్టర్ తిమోతీ గొన్సాల్వెస్ నాయకత్వంలోని సంఘం ఒక ఉపాయం సూచించింది. అబ్బాయిలకున్న సీట్లు తగ్గించకుండా, అమ్మాయిల కోసం విడిగా అదనపు సీట్లు వేయడం. 2018లో 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా పెట్టుకుని అమలు చేశారు. ప్రవేశ పరీక్ష మారలేదు, సిలబస్ మారలేదు. మూడేళ్లలో తరగతి గది మాత్రం మారింది.

ఒకే సంస్థలో ఇద్దరా?

తార్నాక మీదుగా ఉప్పల్ వైపు వెళ్లేవాళ్లకు ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) గోడ తెలుసు. ఆ గోడ లోపల 1998 నుంచి 2001 దాకా డిప్యూటీ డైరెక్టర్‌గా పనిచేసిన ఒక రసాయన శాస్త్రవేత్త పేరు హైదరాబాదులో చాలామందికి తెలియదు. ఆమె దర్శన్ రంగనాథన్. 1941లో దిల్లీలో పుట్టారు. 1967లో దిల్లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో డెరెక్ బార్టన్ దగ్గర పనిచేశారు. ఆయనకు 1969లో నోబెల్ వచ్చింది. ఇంత అర్హతతో తిరిగొచ్చిన దర్శన్, కాన్పూర్ ఐఐటీలో రసాయన శాస్త్రం బోధిస్తున్న సుబ్రమణ్య రంగనాథన్‌ను పెళ్లి చేసుకున్నారు. అక్కడితో ఆమెకు ఆ సంస్థలో అధ్యాపక ఉద్యోగం తలుపు మూసుకుపోయింది. భార్యాభర్తలిద్దరినీ ఒకే సంస్థలో అధ్యాపకులుగా తీసుకోకూడదనే కాగితం మీద లేని నియమం ఒకటి అప్పుడు నడుస్తుండేది.

కాగితం మీద లేదన్నది గమనించాలి. రాసి ఉంటే కోర్టులో అడగొచ్చు, పార్లమెంటులో ప్రశ్నించొచ్చు. రాయని నియమాన్ని ఎవరిని పట్టుకుని అడుగుతారు?

ఆమె పని ఆపలేదు. ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే కాన్పూర్‌లో పరిశోధన సాగించారు. ఫెలోషిప్ అంటే కాలపరిమితి ఉన్న డబ్బు. గడువు దగ్గరపడినప్పుడల్లా మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. భర్తతో కలిసి ఆమె రాసిన కర్బన రసాయన పుస్తకాలు విద్యార్థుల చేతుల్లో ఉంటే, ఆమె పేరు మాత్రం అధ్యాపకుల జాబితాలో లేదు. శరీరంలో యూరియా తయారయ్యే చక్రాన్ని ప్రయోగశాలలో పునఃసృష్టించడం, పెప్టైడ్ అణువులు తమంతట తామే ఒక ఆకారంగా అల్లుకునేలా చేయడం ఆమెకు పేరు తెచ్చిన పనులు. 1993లో తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలకు, 1998లో హైదరాబాద్ ఐఐసీటీకి వచ్చారు. 1999లో ప్రపంచ విజ్ఞానశాస్త్ర అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2001 జూన్ 4న, అరవయ్యో పుట్టినరోజు నాడే, రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఐఐసీటీలో ఆమెకు దక్కింది మూడేళ్లు. ఆ అధికారం, సౌకర్యాలు ముప్పై ఏళ్ల వయసులో అంది ఉంటే ఇంకెంత చేసి ఉండేవారో ఊహించుకోవాల్సిందే. 2020 జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు కేంద్రం పదకొండు మంది మహిళా శాస్త్రవేత్తల పేర్లతో ఆచార్య పీఠాలు ప్రకటించింది. వాటిలో ఒకటి ఆమె పేరు మీద ఉంది. బతికి ఉండగా ఐఐటీలో అధ్యాపక పీఠం దక్కనామెకు పోయాక ఇచ్చిన పీఠం అది.

షరతుల మీద ప్రవేశం

దర్శన్‌ది రాయని నియమమైతే, అంతకు నాలుగు దశాబ్దాల ముందు జీవరసాయన శాస్త్రవేత్త కమలా సోహొనీకి ఎదురైనవి ముఖం మీద చెప్పిన షరతులు. బొంబాయి విశ్వవిద్యాలయంలో ప్రథమశ్రేణిలో పాసై 1933లో ఐఐఎస్సీలో చేరబోతే డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్ల అన్న కారణంతో కాదన్నారు. ఆమె వెనక్కి పోలేదు. చివరికి ఏడాదిపాటు పరిశీలన మీద, ఇతర పరిశోధకుల ఏకాగ్రతకు భంగం కలిగించకూడదన్న షరతుతో తీసుకున్నారు. ఆమె తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసి వచ్చి, తాటి నీరాలోని పోషకాల మీద విలువైన పరిశోధన చేశారు.

భౌతిక శాస్త్రవేత్త అన్నా మణిది మరో రకం అనుభవం. రామన్ ప్రయోగశాలలోనే వజ్రాలు, కెంపుల కాంతి మీద సొంతంగా అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించారు. థీసిస్ కూడా సమర్పించారు. ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. ఆమె వాతావరణ శాఖలో చేరి, దేశానికి కావాల్సిన వాతావరణ పరికరాలు ఇక్కడే తయారయ్యేలా చేసిన మనిషి.

> 'అతడు' కొట్టేసి 'ఆమె' అని రాశారు
>
> దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరు తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు. చంకలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ప్రిన్సిపాల్ కె.సి. చాకోను ఒప్పించి 1940లో కూతుర్ని అక్కడే చేర్పించారు. తోడుగా ఉంటుందని కాలేజీ మరికొందరు అమ్మాయిల్నీ చేర్చుకుంది. అలా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ విభాగంలోకి వచ్చారు. పట్టా చేతికొచ్చేనాటికి అందులో 'అతడు' అని అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి పెన్నుతో 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. తర్వాత లలిత కలకత్తాలో ఉద్యోగానికి వెళ్లారు. సోదరుడి కుటుంబం అక్కడే ఉండటంతో పాపను చూసుకోవడానికి మనుషులు దొరికారు. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల డిజైన్లలో ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు.

ముప్పై అయిదు దాటితే

ఇప్పుడెవరూ అలాంటి షరతులు పెట్టరు. ప్రకటనలో వయసు ఒక్కటే ఉంటుంది. ఒకసారి లెక్క వేద్దాం. ఇరవై మూడుకి ఎమ్మెస్సీ. నెట్, జేఆర్ఎఫ్ వచ్చి గైడ్ దొరికేసరికి ఇంకో ఏడాది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు. వైవా నాటికి ముప్పై. తర్వాత పోస్ట్‌డాక్ ఒకటో రెండో, కుదిరితే విదేశంలో. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ముప్పై అయిదు లోపువాళ్లకు ప్రాధాన్యమని పెద్ద సంస్థల ప్రకటనలు చెబుతాయి. కొన్ని ఐఐటీలు మహిళలకు ముప్పై ఎనిమిది అంటాయి. పెళ్లి, కాన్పు, చంటిబిడ్డ, ఒక్కోసారి అత్తమామల అనారోగ్యం, అన్నీ ఈ పన్నెండేళ్లలోనే వచ్చి పడతాయి. అబ్బాయి పోస్ట్‌డాక్‌కి జర్మనీ వెళ్తే భార్య వెంట వెళ్తుంది. అమ్మాయికి వస్తే 'అల్లుడి ఉద్యోగం సంగతేంటి?' అన్న ప్రశ్నే ముందు పుడుతుంది.

దీన్నిబట్టి 'ఇల్లే అసలు అడ్డంకి' అని తేల్చేయడం చాలామందికి సుఖం. సంస్థలకైతే మరీ సుఖం. కానీ సైన్సులో పీహెచ్‌డీ చేసిన మహిళల మీద భారతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ (నియాస్) కలిసి చేసి 2010లో బయటపెట్టిన అధ్యయనం వేరే మాట చెప్పింది. పరిశోధన వదిలేసిన మహిళలు ముఖ్యంగా చెప్పిన కారణం, తగిన ఉద్యోగం దొరక్కపోవడం. పరిశోధనలో నిలబడినవాళ్లలో పెళ్లే చేసుకోనివాళ్లు మహిళల్లో 14 శాతం ఉంటే, మగవాళ్లలో 2.5 శాతం. నిలబడటానికి ఎవరు ఎంత వదులుకుంటున్నారో ఆ రెండు అంకెల్లో తెలిసిపోతుంది.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో బరువు తోడైంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి జరగవు. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో విభాగాలు నడుస్తాయి. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కాలం అందరిదీ ఒకటే. కానీ ఆ ఎదురుచూపులో బతకడానికి సెమిస్టర్‌కో కాలేజీ మారుతూ, ఊళ్లు తిరుగుతూ నెట్టుకురావడం చంటిబిడ్డ తల్లికి సాధ్యమయ్యే పని కాదు. ఆమె దగ్గర్లోని కార్పొరేట్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిపోతుంది. అణువుల నిర్మాణం మీద అయిదేళ్లు తలమునకలైన మనిషి నీట్ బిట్లు చెప్పుకుంటుంది. అది తక్కువ పని అనడం లేదు. ప్రజల డబ్బుతో దేశం తయారుచేసుకున్న పరిశోధకురాలిని దేశమే పోగొట్టుకుంటోందన్నదే బాధ.

రాత్రి పదకొండుకు స్లాట్

పరిశోధన పగటిపూట ముగిసే ఉద్యోగం కాదు. అణువుల నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రం విభాగమంతటికీ ఒకటే ఉంటుంది. పగలంతా సీనియర్లకు, బయటి శాంపిళ్లకు పోగా జూనియర్‌కు దొరికేది రాత్రి పదకొండు స్లాట్. కణాలు పెంచేవాళ్లకు ఆదివారం లేదు, పండగ లేదు. గడువుకు పాత ద్రవం తీసి కొత్తది పోయకపోతే మూడు వారాల పని చచ్చిపోతుంది. మరోవైపు అమ్మాయిల హాస్టల్ గేటు ఎనిమిదికో తొమ్మిదికో మూసేస్తారు. లేటయితే వార్డెన్‌కు గైడ్ సంతకంతో లెటరు. ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా ఉన్న రోడ్డు మీద సగం దీపాలు వెలగవు. అదే ల్యాబ్‌లో పక్క టేబుల్ అబ్బాయి రాత్రి రెండింటిదాకా పనిచేసి పేపర్ ముందు రాస్తాడు. మరుసటి నెల మీటింగ్‌లో 'అతను బాగా కష్టపడతాడు' అన్న పేరు అతనికొస్తుంది.

విభాగం ఉన్న అంతస్తులో ఆడవాళ్ల టాయిలెట్ లేక రెండు బ్లాకులు దాటి వెళ్లేవాళ్లు, ఆ తిప్పలకు జడిసి నీళ్లు తాగడం మానుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గర్భవతులకు కొన్ని ద్రావకాలు, రేడియోధార్మిక పదార్థాలు ముట్టుకోవద్దని చెప్పే కాగితం చాలా ల్యాబుల గోడలమీద ఉండదు. ఎవరో అక్క చెబితే తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గైడ్ చేతిలో ఉన్న అధికారం. రిజిస్ట్రేషన్, ఫెలోషిప్ బిల్లు, సినాప్సిస్, థీసిస్, ఆ తర్వాత సిఫారసు లేఖ... ఆరేళ్ల జీవితం ఒక్క సంతకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి మంచివాడైతే అదృష్టం. కాకపోతే ఫిర్యాదు చేయడమంటే చదువు వదులుకోవడానికి సిద్ధపడటమే. లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండి తీరాలి. సంఘం ఉండగానే సరిపోదు. ఫిర్యాదు చేసిన అమ్మాయికి వెంటనే వేరే గైడ్‌ని ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినది తనే అయిన దళిత, ఆదివాసీ అమ్మాయికి ఇవన్నీ రెట్టింపు. ఏ జర్నల్‌కు పంపాలి, ఏ సమావేశంలో ఎవరిని పలకరించాలి, సిఫారసు లేఖ ఎలా అడగాలి... ప్రొఫెసర్ల పిల్లలు అన్నం తింటూ నేర్చుకునే సంగతులు ఇవి. ఆమెకు చెప్పేవాళ్లుండరు. ఫెలోషిప్ నాలుగు నెలలు ఆలస్యమైతే ఇంటి నుంచి పంపేవాళ్లూ ఉండరు. చాలాసార్లు ఆ ఫెలోషిప్‌లోంచే ఇంటికి పంపుతుంటుంది.

> ఒకే దరఖాస్తు, రెండు పేర్లు
>
> 2012లో అమెరికాలో 127 మంది సైన్సు అధ్యాపకులకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగం కోసం ఒకే దరఖాస్తు పంపారు. సగం మందికి పైన 'జాన్' అని, మిగతా సగానికి 'జెన్నిఫర్' అని పేరు. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. అతనికి ఇవ్వజూపిన సగటు జీతం ఏడాదికి 30,238 డాలర్లు. జెన్నిఫర్‌కు 26,508. అలా తక్కువ కట్టినవాళ్లలో మహిళా అధ్యాపకులూ ఉన్నారు.

టేపు పట్టుకుని కొలిచారు

1990ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త చేపల మీద పరిశోధనకు కాస్త ఎక్కువ చోటు కావాలని అడిగారు. దొరకలేదు. ఆమె టేపు తీసుకుని రాత్రివేళ ల్యాబులన్నీ కొలిచారు. తోటి మగ ప్రొఫెసర్లకు ఉన్నదానికన్నా తనకున్న చోటు బాగా తక్కువని అంకెల్లో తేలింది. మిగతా మహిళా ప్రొఫెసర్లను కలిశారు. అప్పటికి ఆ సైన్సు విభాగాల్లో శాశ్వత పదవిలో ఉన్న మహిళలు పదిహేను మంది, మగవాళ్లు 194 మంది. అంతా కలిసి అడిగితే సంఘం వేశారు. జీతం, చోటు, నిధులు, పదవులు, అన్నీ లెక్కతీసిన నివేదిక 1999లో బయటికొచ్చింది. వివక్ష నిజమేనని సంస్థ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ ఒప్పుకున్నారు.

ఎవరో ఫలానావాడు చెడ్డవాడని ఆమె అనలేదు. చదరపు అడుగులు చూపించారు. మన దగ్గర ఇంకా పెద్దగా జరగని పని ఇదే.

మన దగ్గర పథకాలకు కొదవ లేదు. కెరీర్ మధ్యలో ఆగిన మహిళల కోసం శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో మొదలుపెట్టిన పథకం ఎందరినో తిరిగి ల్యాబుకు తెచ్చింది. మహిళా విశ్వవిద్యాలయాల్లో పరికరాల కోసం వచ్చిన 'క్యూరీ' నిధులు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికీ అందాయి. పీహెచ్‌డీలో ఉండగా 240 రోజుల ప్రసూతి సెలవు 2016 నుంచి యూజీసీ నిబంధనల్లో ఉంది. థీసిస్ గడువులోనూ మహిళలకు రెండేళ్ల సడలింపు ఉంది. ఇవన్నీ మేలు చేశాయి. కానీ ఫెలోషిప్ అయిపోయాక ఏంటన్న ప్రశ్నకు వీటిలో జవాబు లేదు. దర్శన్ రంగనాథన్‌కు కూడా ఫెలోషిప్పులు ఉన్నాయి. లేనిది ఉద్యోగం.

పై కుర్చీల్లో కదలిక ఇప్పుడిప్పుడే మొదలైంది. 1942లో పుట్టిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)కి 2022లో ఎన్. కలైసెల్వి తొలి మహిళా సారథి అయ్యారు. 1951లో మొదలైన ఐఐటీల్లో ఒక ప్రాంగణానికి డైరెక్టర్ అయిన తొలి మహిళ ప్రీతి అఘాలయం. అది 2023లో. ఆ ప్రాంగణం ఉన్నది జాంజిబార్‌లో.

సంస్థలే తమ లెక్కలు తీసి చూసుకోవాలన్న ఉద్దేశంతో బ్రిటన్‌లో 2005లో 'అథీనా స్వాన్' మొదలైంది. దాని బాటలో కేంద్రం 2020లో 'గతి' ప్రకటించి, 30 సంస్థలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దానికోసం దిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో రేపు ఏ అధ్యాపక నోటిఫికేషన్ వచ్చినా, విభాగాలవారీగా ఎంతమంది మహిళలు దరఖాస్తు చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకు పిలిచారు, ఎంతమందిని తీసుకున్నారు అన్న మూడు అంకెలు వెబ్‌సైట్‌లో పెట్టమని అడుగుదాం. దరఖాస్తులే తక్కువైతే పీహెచ్‌డీ నుంచి అక్కడిదాకా దారిలో ఏం జరిగిందో చూడాలి. పిలిచినవాళ్లలో తక్కువైతే వయసు, విదేశీ అనుభవం వంటి షరతుల్ని తిరగరాయాలి. ఇంటర్వ్యూ దాటాక తగ్గితే, బోర్డులో ఎవరు కూర్చున్నారు, పెళ్లి గురించీ పిల్లల గురించీ ఎవరిని ఏం అడిగారు అన్నది బయటికి రావాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రిజిస్ట్రార్ ఒక సర్క్యులర్ మీద సంతకం పెడితే చాలు.